ఇళ్ల మధ్య స్టేడియం: ఏడాదికి ఎన్ని రోజులు?

నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల మైదానాన్ని ఆ పూర్తి పేరుతో పిలిచేవారు అరుదు. ఊరందరికీ అది ఎన్జీ కాలేజీ గ్రౌండే. మహబూబ్‌నగర్‌లో ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్ సంగతీ అంతే. కాలం గడిచేకొద్దీ ఇలాంటి మైదానాల చుట్టూ ఖాళీ జాగా కరిగిపోయి ఇళ్లు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, దవాఖానలు ప్రహరీ గోడ దాకా వచ్చాయి. 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు యూనివర్సిటీ వచ్చి, వాటి క్యాంపస్‌లు ఊరి వెలుపల వెలిసినా, ఊరి నడుమ ఉన్న కాలేజీ గ్రౌండ్ల మీద భారం పెద్దగా తగ్గలేదు. అంతర్ కళాశాలల పోటీలు, పొద్దుటి వాకింగ్, పార్టీల బహిరంగ సభలు, పోలీసు కొలువుల ఈవెంట్స్‌కు సాధన, అన్నిటికీ ఆ నాలుగు గోడల మధ్య నేలే దిక్కు.

ఇలాంటి మైదానంలో పాత గ్యాలరీ కూల్చి కొత్త స్టేడియం కడతారన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు అంకెల దగ్గర ఆగిపోతుంది: ఎన్ని సీట్లు, ఎన్ని కోట్లు. గోడ అవతల కాపురం ఉండేవారికి ఈ రెండింటికన్నా మూడో అంకె ముఖ్యం. ఏడాదిలో ఎన్ని రోజులు, ఏ పనికి, రాత్రి ఎన్ని గంటల దాకా ఆ గేట్లు తెరిచి ఉంటాయన్నదే ఆ అంకె. అది సాధారణంగా ఏ ప్లానులోనూ కనిపించదు.

ఈ మూడో అంకె మీదనే ఒక ఊరు రెండుగా చీలిన ఉదంతం అమెరికాలో ఉంది. షికాగోకు ఉత్తరాన ఆనుకొని ఉన్న ఎవాన్‌స్టన్ పట్టణంలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి 1926 నుంచి ఒక అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం ఉండేది. మొదట డైక్ స్టేడియం, 1997 నుంచి ర్యాన్ ఫీల్డ్ అని పేరు. దాని చుట్టూ ఇళ్ల వీధులే. దాన్ని పూర్తిగా కూల్చి, సుమారు 80 కోట్ల డాలర్లతో కొత్తది కట్టాలని యూనివర్సిటీ తలపెట్టింది. 47,000 పైచిలుకు సీట్లున్న స్టేడియం స్థానంలో 35,000 సీట్లది వస్తుందన్నారు. అంటే 12,000 మంది తగ్గుతారు. చప్పుడూ వెలుతురూ బయటికి పోకుండా లోపలికే మళ్లేలా పైకప్పు పెడతామన్నారు. కాగితం మీద చూస్తే చుట్టుపక్కలవారు సంతోషించాల్సిన ప్రతిపాదన ఇది. అయినా వ్యతిరేకత తగ్గలేదు, పెరిగింది.

కారణం సీట్లలో లేదు. పాత స్టేడియంలో ఏటా ఆరేడు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు జరిగేవి, అవీ శరదృతువులో, ఎక్కువగా శనివారాల్లో. ఆ రోజుల్లో కార్లు వీధుల్లో నిలిచిపోవడం, గోల, చెత్త అన్నీ ఉండేవి. కాని ఏ ఇంటివారికైనా ఆ తేదీలు ముందే తెలుసు. కొత్త స్టేడియంతోపాటు యూనివర్సిటీ టికెట్టు పెట్టి సంగీత కచేరీలు జరుపుకొనేందుకు వీలుగా ఆ స్థలం జోనింగ్ నిబంధనలను, అంటే అక్కడ ఏ పని చేయవచ్చో చెప్పే నియమాలను, మార్చమని కోరింది. చివరికి ఏడాదికి 6 కచేరీలన్న పరిమితితో ఆ కోరిక పట్టణ కౌన్సిల్ ముందుకు వచ్చింది. 2023 నవంబరులో ఓటింగ్ జరిగినప్పుడు కచేరీల అంశం మీద సభ్యులు సమానంగా చీలిపోగా మేయర్ తన ఓటుతో తేల్చాల్సి వచ్చింది. ఆ యూనివర్సిటీకి పందొమ్మిదో శతాబ్దపు చార్టర్ (సంస్థ హక్కుల పత్రం) ద్వారా ఆస్తిపన్ను మినహాయింపు ఉండటం కూడా ఆ కోపానికి ఆజ్యం పోసింది. పన్ను కట్టని సంస్థ విద్యకు సంబంధం లేని వ్యాపారం ఇళ్ల మధ్య చేస్తుందా అన్నది ప్రశ్న. పట్టణానికి ఏళ్ల తరబడి కోట్ల డాలర్ల సాయం చేస్తామని యూనివర్సిటీ ఒప్పుకున్న తరువాతే దారి సుగమమైంది.

ఆ గొడవలో ఎవరిది న్యాయమన్నది ఎవాన్‌స్టన్‌వారు తేల్చుకునే సంగతి. ఇక్కడ గమనించదగ్గది పద్ధతి. అడిగినవారు యూనివర్సిటీ, ఇవ్వాల్సినవారు పట్టణ కౌన్సిల్. ఇద్దరూ వేర్వేరు. ఎదురెదురుగా కూర్చున్నారు గనుకే 6 అన్న అంకె కాగితం మీదికి వచ్చింది. మన దగ్గర కాలేజీ ప్రభుత్వానిది, నిధులు ప్రభుత్వానివి, అనుమతి ఇచ్చేదీ ప్రభుత్వమే. సభకు మైదానం అడిగే పార్టీయే చాలాసార్లు అధికారంలో ఉంటుంది. ఎదుటి పక్షమే లేని బేరంలో షరతులు ఎవరు రాయాలి? కాబట్టి మన పట్టణాల్లో స్టేడియం కడితే రోజుల లెక్క రాయించడం అక్కడికన్నా కష్టం, అక్కడికన్నా అవసరం కూడా.

పైగా మన మైదానాలకు క్యాలెండర్ లేదనడానికి వీల్లేదు. ఉంది, రాసిపెట్టి లేదు, అంతే. తెల్లవారుజామున ఐదింటికి వాకర్స్ వస్తారు. వారితోపాటే కానిస్టేబుల్, ఎస్సై నోటిఫికేషన్ల కోసం సిద్ధమయ్యే పిల్లలు వస్తారు. 2022 నోటిఫికేషన్లలో అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగు, అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద అవి సరిగ్గా నాలుగు చుట్లు, రెండు చుట్లు. సున్నం గీత ఎక్కడో తెలియని మట్టి నేల మీద చెప్పులు గుర్తుగా పెట్టుకొని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి పరుగెత్తేవారికి చుట్టు 380 మీటర్లో 410 మీటర్లో తెలియదు. నాలుగు చుట్లలో చుట్టుకు 20 మీటర్లు తప్పితే 80 మీటర్ల తేడా వస్తుంది. 7 నిమిషాల 15 సెకన్ల హద్దు ఉన్న పరుగులో 80 మీటర్లంటే 20 సెకన్ల పైమాటే. సరైన ట్రాక్ కావాలని అడిగేవారి వాదనలో ఉన్న బలం ఇది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు.

అయితే సరైన ట్రాక్ ఎంత జాగా తింటుందో ముందు చూడాలి. ప్రామాణిక 400 మీటర్ల ట్రాక్‌లో రెండు తిన్నని భాగాలు ఒక్కొక్కటి 84.39 మీటర్లు, రెండు వంపులు 36.5 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటాయి. ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. ఎనిమిది లేన్లు వేస్తే బయటి అంచు నుంచి అంచుకు పొడవు సుమారు 177 మీటర్లు, వెడల్పు 92.5 మీటర్లు అవుతుంది. మన లెక్కలో నాలుగెకరాల రెండు గుంటలు. ఇందులో గ్యాలరీ లేదు, మెట్లు లేవు, కాలువ లేదు, మూత్రశాలలు లేవు, అంబులెన్సు తిరిగే దారి లేదు. అవన్నీ కలిస్తే ఆరేడెకరాలకు తక్కువ పట్టదు. సాయంత్రం ఎండ పోటీదారుల కళ్లలో పడకుండా పొడవు వైపు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. ప్రేక్షకుల వీపుకు ఎండ తగిలేలా పెద్ద గ్యాలరీ పడమర పక్కన కట్టాలి. నాలుగు పక్కలా గల్లీలు బిగించిన పాత మైదానంలో దిక్కు మార్చుకునే వీలుండదు. అలాంటిచోట సాధారణంగా జరిగేదేమిటంటే, ట్రాక్ కోసం వాకింగ్ దారిని మింగేస్తారు, లేదా గ్యాలరీ వెనుక గోడను సరిగ్గా ప్రహరీ మీదికి తెస్తారు. రెండో సందర్భంలో పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టలకు ఎదురుగా మూడంతస్తుల కాంక్రీటు మెట్ల వెనుక భాగం వచ్చి నిలబడుతుంది.

ఇక సింథటిక్ ట్రాక్ సంగతి. దీన్ని ఆధునికతకు గుర్తుగా అడుగుతారు గాని, అది ఊరి క్యాలెండర్‌ను ఎంతగా మార్చేస్తుందో ఆలోచించేవారు తక్కువ. డాంబరు పునాది మీద 13 మిల్లీమీటర్ల మందాన పరిచే రబ్బరు పొర అది. దాని మీదికి లారీ ఎక్కకూడదు, టెంటు గుంజ దిగకూడదు, పశువులు రాకూడదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే నల్లగొండ ఎండకు మధ్యాహ్నం దాని మీద ఒట్టి కాళ్లు పెట్టలేరు. ట్రాక్ వేసిన మరునాటి నుంచి ఆ మైదానంలో బహిరంగ సభ పెట్టడమంటే ఆ ట్రాక్‌ను పాడు చేసుకోవడమే. చుట్టుపక్కల ఇళ్లకు ఇది మేలే. కాని అదే కారణం చూపి గేటుకు తాళం వేస్తే వాకర్స్, ఈవెంట్స్ పిల్లలు కూడా బయట పడతారు. అటు సభలూ ఆగకుండా, ఇటు ట్రాక్ కూడా వేయాలనుకుంటే జరిగేది ఒకటే: రెండేళ్లలో గుంజల గుంతలతో అతుకులు పడ్డ ట్రాక్. ఈ మూడింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోకుండా టెండరు పిలవడం తలుపు ఎటు తెరుచుకోవాలో అనుకోకుండా గోడ లేపడం లాంటిది. ఇళ్ల మధ్య మైదానానికి నికరంగా పనికొచ్చేది, ట్రాక్ బయటి అంచు వెంట మొరం పోసి గట్టిపరిచిన వేరే నడక దారి, దానికి వేరే గేటు, ఆ గేటుకు వేరే సమయాలు. ఖర్చులో అది చిన్న భాగం. ప్లానులో తరచూ కనిపించనిదీ అదే.

పోటీల రోజున జనం లోపలికి రావడం అంత కష్టం కాదు, గంటల తరబడి కొద్దికొద్దిగా వస్తారు. కష్టమంతా బయటికి పోయేటప్పుడే. బ్రిటన్‌లో 1971లో ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద జరిగిన తొక్కిసలాటలో 66 మంది చనిపోయిన తరువాత అక్కడ ఆటస్థలాల భద్రత మీద ఒక మార్గదర్శిని తయారైంది. దాని లెక్క ప్రకారం చదునైన దారిలో మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మందికి మించి సాఫీగా నడవలేరు. బయటపడే సమయం 8 నిమిషాలకు మించకూడదు. ఈ లెక్కను మన గల్లీకి పెట్టి చూడాలి. ఇరవై అడుగుల గల్లీలో రెండు పక్కలా బండ్లు ఆపి ఉంటే మిగిలేది పదడుగులు, అంటే సుమారు 3 మీటర్లు. ఆ దారిలో 8 నిమిషాల్లో 2,000 మంది కూడా బయటపడరు. 10,000 మంది పట్టే గ్యాలరీకి అలాంటి గల్లీలు ఆరు కావాలి, ఆరూ ఖాళీగా ఉండాలి, ఆరూ వేర్వేరు దిక్కులకు పోవాలి. స్టేడియం లోపలి గేట్లు ఎంత వెడల్పుగా కట్టినా వాటి అవతలి గల్లీ వెడల్పే అసలు హద్దు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 11 మంది ప్రాణాలు పోయింది గ్యాలరీ కూలి కాదు, గేట్ల బయట రద్దీలో.

బండ్ల లెక్క ఇంకా మొండిది. 10,000 మందిలో సగం మంది, బండికి ఇద్దరి చొప్పున వచ్చారనుకుంటే 2,500 బండ్లు. తీసి పెట్టుకునే దారితో కలిపి ఒక్కో బండికి 3 చదరపు మీటర్లు వేసుకున్నా 7,500 చదరపు మీటర్లు కావాలి. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉన్న ఫుట్‌బాల్ మైదానం వైశాల్యం 7,140 చదరపు మీటర్లే. అంటే ఆటకన్నా పార్కింగ్‌కే ఎక్కువ నేల కావాలి. అది లోపల లేకపోతే ఎవరి ఇంటి ముందు ఉంటుందో చెప్పనక్కరలేదు. పెళ్లి ఉన్న ఇంటివారు గేటు ముందు రెండు కుర్చీలు అడ్డం వేసుకొని కూర్చోవడం సభలు జరిగే మైదానాల పక్క కాలనీల్లో కొత్త దృశ్యమేమీ కాదు.

చప్పుడుకు చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు మోగకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలు కూడా అవే నిబంధనల్లో ఉండటం ఇక్కడి వింత. కాలేజీ తన గోడ చుట్టూ ఏ నిశ్శబ్దం కోరవచ్చో, ఆ నిశ్శబ్దాన్ని భంగపరిచేది సొంత గ్రౌండే అవుతుంది. ఒకే చోట నుంచి వచ్చే చప్పుడు ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 10 మీటర్ల దగ్గర 95 ఉన్న సౌండ్ బాక్సు మోత 160 మీటర్ల దూరాన కూడా 71 దగ్గరే ఉంటుంది, ఇళ్లకు చెప్పిన పగటి హద్దుకన్నా 16 ఎక్కువ. రెండు మూలల రెండు భారీ బాక్సుల గుట్టలు పెట్టే బదులు గ్యాలరీ పొడవునా చిన్న స్పీకర్లు కిందికి వంచి బిగిస్తే తక్కువ మోతతోనే అందరికీ వినిపిస్తుంది. కొత్తగా కట్టేటప్పుడు ఇది పెద్ద ఖర్చు కాదు. కట్టాక డీజే పెట్టేవారిని ఆపడం వేరే కథ.

నీటి విషయం దగ్గర మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో స్టేడియం ఇరుగుపొరుగుతో పంచుకునేది చప్పుడుకన్నా ముందు నీటినే. ఫుట్‌బాల్ మైదానానికి సహజమైన పచ్చిక పెంచి, ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల లెక్కన తడి పెట్టినా 35,700 లీటర్లు కావాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఫ్లోరైడ్ పీడకు పేరుపడ్డ జిల్లాలో, ఏప్రిల్ వచ్చేసరికి కాలనీల బోర్లు నీళ్లకు బదులు గాలి పోసే చోట, గ్రౌండ్‌లో లోతుగా రెండు బోర్లు వేసి పచ్చిక తడిపితే పక్క వీధివారు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు.

అదే నేల వానాకాలంలో ఇంకో రూపం చూపిస్తుంది. మట్టి గ్రౌండ్ వాన నీటిని చాలావరకు తాగేస్తుంది. ఎనిమిది లేన్ల సింథటిక్ ట్రాక్ ఒక్కటే ఎకరానికి కొంచెం పైగా నేలను కప్పేస్తుంది. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ట్రాక్ మీది నుంచే రెండు లక్షల లీటర్లకు పైగా నీరు జారుతుంది. గ్యాలరీ కప్పు నీళ్లు అదనం. ఇదివరకు ఇంకిన నీరు ఇప్పుడు పల్లానికి ఉన్న గల్లీ మోరీలోకి పోతుంది, మోరీ పొంగితే ఇళ్లలోకి వస్తుంది. ఈ రెండు కష్టాలూ ఒకదానికొకటి మందు అన్నది గమనించాలి. ట్రాక్ లోపలి అంచు వెంట కాలువ తీసి, ఆ నీటిని వడగట్టి గ్యాలరీ కింది సంపులోకి మళ్లిస్తే ఒక పెద్ద వాన పచ్చికకు ఐదారు రోజుల తడి ఇస్తుంది, మిగులు ఇంకుడు గుంతలోకి పోతుంది. కాకతీయుల నాటి చెరువులను, పానగల్లు ఉదయసముద్రాన్ని కళ్ల ముందు పెట్టుకున్న ఊరికి పారే నీటిని పట్టి ఆపడం ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. కావలసిందల్లా ఆ కాలువ వాలు, సంపు కొలత అంచనాల కాగితంలో ఉండటం. బిల్లులు మిగల్చడానికి ముందు కోత పడేది సాధారణంగా మట్టి కింద కనబడని ఇలాంటి పనులకే.

కూల్చివేతకూ లెక్క ఉంది. 2016 నాటి నిర్మాణ వ్యర్థాల నిబంధనల ప్రకారం రోజుకు 20 టన్నులు, లేదా ఒక పనిలో నెలకు 300 టన్నులు దాటి వ్యర్థం వచ్చేచోట కాంక్రీటు, మట్టి, ఇనుము-కర్ర-ప్లాస్టిక్, ఇటుక-గచ్చు వేరు చేసి ఉంచాల్సి ఉండేది. పాత గ్యాలరీ ఏదైనా ఈ హద్దు సులువుగా దాటుతుంది. బ్రేకర్ల మోత, దుమ్ము, టిప్పర్లు ఏ వేళల్లో, ఏ గల్లీ గుండా అన్నది కాంట్రాక్టులోనే రాయాలి. పరీక్షల నెలలో కూల్చివేత పెట్టుకోవడం కాలేజీకే నష్టం.

అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది, పని జరిగే కాలంలో ఏమిటన్న ప్రశ్న. నార్త్‌వెస్టర్న్ తన పాత స్టేడియాన్ని 2024లో కూల్చి, కొత్తదాన్ని 2026 సీజన్‌కు తెరవాలని పెట్టుకుంది. ఈ మధ్యకాలంలో ఆడేందుకు సరస్సు ఒడ్డున క్యాంపస్‌లోనే సుమారు 12,000 సీట్లతో తాత్కాలిక మైదానం కట్టుకుంది. కోట్ల డాలర్లున్న సంస్థకు అది సాధ్యమే. మన పట్టణంలో గ్రౌండ్ చుట్టూ రేకులు బిగించిన మరునాడు కాలేజీ జట్టు ఊరి బయటి యూనివర్సిటీ క్యాంపస్‌కు బస్సెక్కి పోవాలి. దానికి బస్సు చార్జీలు ఏ పద్దులో వేయాలో ముందే తేల్చిపెట్టడం పెద్ద పనేమీ కాదు. వాకర్స్‌లో పెద్దవారు కొందరు నడక మానేస్తారు. ఈవెంట్స్ పిల్లలు మాత్రం మానలేరు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు గనుక, తెల్లవారకముందే బైపాస్ రోడ్డు అంచున, లారీల హెడ్‌లైట్ల వెలుగులో, కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ పరుగెత్తుతారు.